బెల్టు గెలిచింది... షాఫ్టు నిలిచింది

రెండు చేతులతో ఎత్తి పట్టుకోగలిగినంత కారు. వెడల్పు 250 మిల్లీమీటర్లు దాటకూడదు. బరువు 1,588 గ్రాములకు తగ్గకూడదు. నడిపే మనిషి అందులో ఉండడు. ట్రాక్ పక్కన కట్టిన ఎత్తైన మంచె మీద, రేడియో రిమోట్ పట్టుకుని, తోటి పోటీదార్లతో భుజం భుజం ఆనించి నిలబడి ఉంటాడు. కింద మట్టి గుట్టలు, గుంతలు, కారును గాల్లోకి ఎగరేసే దిమ్మలు.

ఆ కారులో మోటారు ఒక్కటే. తిరగాల్సిన చక్రాలు నాలుగు. మోటారు బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ చేర్చాలంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలి. పళ్లున్న బెల్టు వేసి లాగొచ్చు. పొడవాటి షాఫ్టు పెట్టి తిప్పొచ్చు. రేడియో కంట్రోల్ ఆఫ్‌రోడ్ రేసింగ్‌లో సుమారు నలభై ఏళ్లుగా సాగుతున్న పెద్ద వాదం ఇదే. పైకి చూస్తే కొద్దిమంది అభిమానుల గొడవలా ఉంటుంది. లోపలికి వెళితే బలం ఎక్కడ పుడుతుంది, దారిలో ఎక్కడ ఇంకిపోతుంది, చివరికి నేల దాన్ని ఎంత తీసుకుంటుంది అన్న ప్రశ్నలన్నీ ఇక్కడే దొరుకుతాయి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

రామ్సేలో ఒక గెలుపు

1987లో ఇంగ్లండ్ దక్షిణాన రామ్సే అనే ఊళ్లో ప్రపంచ పోటీలు జరిగాయి. అసలు కార్లలో పదో వంతు ఉండే ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ బగ్గీలకు అది రెండో ప్రపంచ ఛాంపియన్‌షిప్. మొదటిది 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో అయింది. రామ్సేలో ఫోర్ వీల్ డ్రైవ్ విభాగం గెలిచింది మసామి హిరోసాకా అనే జపాన్ కుర్రాడు. ఆ తర్వాత ఈ ఆటలో ఆయనంత పేరు మరొకరికి రాలేదు. ఆయన ఆ రోజు నడిపింది మాత్రం జపాన్ కారు కాదు. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో తయారైన షూమాకర్ క్యాట్ ఎక్స్‌ఎల్‌ఎస్. దాని కడుపులో ఉన్నది బెల్టు.

ఫార్ములా వన్ మైకేల్ షూమాకర్‌కూ ఈ కంపెనీకీ సంబంధం లేదు. దీన్ని పెట్టినవాడు సెసిల్ షూమాకర్. రేసింగ్ ఇంజన్లకు పేరు మోసిన కాస్వర్త్‌లో పనిచేసిన ఇంజనీరు. చిన్న కార్ల కోసం ఆయన చేసిన బాల్ డిఫరెన్షియల్ ఈ ఆటనే మార్చేసింది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి కదా! మామూలు డిఫరెన్షియల్ గేర్లతో ఆ తేడాను సర్దుతుంది. షూమాకర్ గేర్లు తీసేసి, రెండు ఉక్కు రింగుల మధ్య చిన్న చిన్న గోళీలను నొక్కి పెట్టాడు. ఒక స్క్రూ బిగిస్తే గోళీల మీద ఒత్తిడి పెరుగుతుంది. వదులు చేస్తే తగ్గుతుంది. ట్రాక్‌ను బట్టి, రేసుకూ రేసుకూ మధ్య నిమిషాల్లో డిఫరెన్షియల్ స్వభావాన్నే మార్చుకోవచ్చు. ఇంత సులువైన ఉపాయం అంతకు ముందు ఎవరికీ తట్టలేదంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఇలాంటి మనిషి ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ చేయడానికి కూర్చున్నప్పుడు బెల్టునే ఎంచుకున్నాడు. కారణం తెలియాలంటే రెండు పద్ధతులనూ విప్పి చూడాలి.

లోపల ఏం జరుగుతుంది?

బెల్టు కారులో మోటారును అడ్డంగా పెడతారు. అంటే మోటారు ఇరుసు, చక్రాల ఇరుసు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. మోటారు చివర చిన్న పినియన్ గేరు, దానికి ఆనుకుని పెద్ద స్పర్ గేరు. ఆ పెద్ద గేరు ఇరుసు మీద పళ్ల పుల్లీలు. అక్కడి నుంచి ఒక బెల్టు వెనక డిఫరెన్షియల్‌కు, మరొకటి ముందు డిఫరెన్షియల్‌కు. బెల్టు లోపల ఎక్కువ సాగకుండా గట్టి నారపోగులు ఉంటాయి, పైన రబ్బరు లేదా పాలీయురథేన్ పళ్లు. మోటారు దగ్గర మొదలైన తిరుగుడు చక్రం దాకా సమాంతర ఇరుసుల మీదే సాగిపోతుంది. ఎక్కడా పక్కకు మళ్లదు.

షాఫ్టు కారులో పొడవాటి సన్నని కడ్డీ కారు నడుము పొడవునా ముందు నుంచి వెనకకు ఉంటుంది. అది తిరిగే దిశ వేరు, చక్రాలు తిరిగే దిశ వేరు. కాబట్టి రెండు చివర్లా బలాన్ని తొంభై డిగ్రీలు మళ్లించాలి. ఆ పనికి ఏటవాలు పళ్లున్న బెవెల్ గేర్లు వాడతారు: షాఫ్టు కొసన చిన్న పినియన్, డిఫరెన్షియల్ చుట్టూ పెద్ద క్రౌన్ గేరు. మళ్లించిన ప్రతిచోటా పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి. అక్కడ కొంత బలం వేడిగా మారిపోతుంది. పైగా అవి ఒకదాన్నొకటి పక్కకు నెట్టుకుంటాయి, ఆ తోపుడును బేరింగులు మోయాలి. గేర్ల మధ్య సందు వెంట్రుకవాసి తేడా వచ్చినా, ఎక్కువ దగ్గరైతే బిగుసుకుంటాయి, దూరమైతే పళ్లు అరుగుతాయి. అందుకే షాఫ్టు కారు కట్టేవాళ్లు కాగితంలా పలచని షిమ్ములు వేసి, తీసి, మళ్లీ వేసి ఓపికగా సర్దుతారు.

పిండిమర దగ్గర నిలబడిన ఎవరికైనా బెల్టు గుణం తెలిసే ఉంటుంది. ఒక్కసారిగా బరువు మీద పడితే బెల్టు కాస్త సాగుతుంది, ఊగుతుంది, ఆ కుదుపును తనలోకి తీసుకుని మోటారుకు తగలనివ్వదు. చిన్న కారులోనూ అదే జరుగుతుంది. ఎగిరిన కారు నేల మీద పడిన క్షణంలో, గాల్లో విచ్చలవిడిగా తిరుగుతున్న చక్రాలకు ఒక్కసారిగా నేల అడ్డుపడుతుంది. ఆ దెబ్బ నేరుగా గేరు పళ్లకు తగలకుండా బెల్టు కొంత కాపాడుతుంది.

ఈ రెండింటితో పాటు మూడోది కూడా ఉండేది. క్యోషో కంపెనీ 1985లో తెచ్చిన ఆప్టిమాలో చైను వాడారు. గట్టిదే, కానీ బరువు, చప్పుడు, దుమ్ము పడితే అరుగుడు. తర్వాతి రకాల్లో క్యోషో కూడా బెల్టు వైపు వచ్చింది. చైను కథ అక్కడితో అయిపోయింది.

నూరు వాట్ల పొదుపు

1980లలో బెల్టు ఎందుకు గెలిచిందో అర్థం కావాలంటే అప్పటి బ్యాటరీని చూడాలి. ఆరు నికెల్-క్యాడ్మియం సెల్లులు వరుసగా కలిపితే 7.2 వోల్టులు. సామర్థ్యం 1,200 మిల్లీ యాంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే దాదాపు 8.6 వాట్ అవర్లు. కారు ఉన్న ఆస్తంతా అదే. ఐదు నిమిషాల రేసులో అదంతా ఖర్చు పెట్టినా సగటున చేతికి వచ్చేది సుమారు నూరు వాట్లు. ఆ నూటితోనే పరుగెత్తాలి, ఎగరాలి, మలుపు నుంచి బయటికి దూకాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒక కారులోని గేర్లు మరో కారు కంటే నూటికి ఐదు వాట్లు ఎక్కువ మింగుతున్నాయని అనుకుందాం. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు, అందులో ఐదు శాతం 15 సెకన్లు. ల్యాపుకు ముప్ఫై సెకన్లు పట్టే ట్రాక్‌లో అది సగం ల్యాపు. అంటే ఒకే బ్యాటరీ, ఒకే వేగంతో బయల్దేరిన రెండు కార్లలో ఒకటి గీత దాటుతుంటే, రెండోది సగం ల్యాపు ముందే నీరసించి నిలబడుతుంది. ఆ రోజుల్లో రేసు చివరి నిమిషంలో బ్యాటరీ చచ్చి కారు పాకడం అందరూ చూసిన దృశ్యమే. డ్రైవర్లు వేగం కోసమే కాదు, కరెంటు మిగల్చడం కోసం కూడా నడిపేవాళ్లు. యాక్సిలరేటర్ ఎక్కడ వదలాలో తెలిసినవాడే గెలిచేవాడు.

అలాంటి కరువులో, చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగే బెల్టు కారు బంగారమే. హిరోసాకా 1987లో షూమాకర్ మీద గెలిచాక, 1989లో సిడ్నీలోనూ, 1991లో అమెరికాలోనూ ఫోర్ వీల్ డ్రైవ్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ రెండుసార్లూ కారు యోకోమో వైజెడ్-10. అది కూడా బెల్టు కారే. ఇంగ్లండ్‌లో ఒక ఇంజనీరు వేసిన దారిని జపాన్ కంపెనీ పట్టుకుని ఇంకా పదును పెట్టింది. 1995లో జపాన్‌లోని యతాబేలో మార్క్ పవీడిస్ అనే అమెరికన్ గెలిచినప్పుడూ చేతిలో ఉన్నది వైజెడ్-10 వంశమే. గెలుపు వెంట గెలుపు వస్తుంటే వాదం ముగిసిపోయిందనే అందరూ నమ్మారు.

టామియా దారి వేరు

కానీ అదే కాలంలో ప్రపంచంలో లక్షల మంది పిల్లల చేతుల్లో ఉన్నవి షాఫ్టు కార్లు. షిజువోకాలోని టామియా కంపెనీ 1985లో తెచ్చిన హాట్‌షాట్ వాళ్ల తొలి ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీ. నడుము పొడవునా షాఫ్టు, ముందూ వెనకా మూసేసిన గేర్‌బాక్సులు. తర్వాత బూమరాంగ్, థండర్ షాట్ అదే బాటలో వచ్చాయి. టామియా ఆలోచన తేలిగ్గానే అర్థమవుతుంది. పెట్టె కొనేవాడు ఛాంపియన్ కాదు, పన్నెండేళ్ల పిల్లాడు. వాడు దాన్ని ఇసుకలో, రాళ్లలో, వాన నీళ్లలో తిప్పుతాడు. ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టేస్తాడు. బెల్టు బిగువు చూడడు, పుల్లీలు తుడవడు. వాడి కారు మర్నాడు కూడా నడవాలంటే పళ్లన్నీ పెట్టెలో మూసి ఉండాలి. బెల్టు కంటే షాఫ్టుకే ఆ ఓర్పు ఉంది. ఈ నిర్ణయాన్ని రేసర్లు చిన్నచూపు చూశారు కానీ, నా దృష్టిలో అది గొప్ప ఇంజనీరింగ్. వాడేవాణ్ని తెలుసుకుని చేసిన యంత్రం అది.

1988లో టామియా షాఫ్టుతోనే రేసర్లను కూడా గెలవాలని చూసింది. అవాంటే అనే ఆ కారు చూడటానికి అద్భుతం. ఫైబర్ చాసిస్, లోహంలో చెక్కిన భాగాలు, బారెడు ధర. ప్రపంచ పోటీల్లో మాత్రం తేలిపోయింది. బరువు ఎక్కువ, సర్దుబాట్లు క్లిష్టం. అప్పటి బ్యాటరీకి ఆ బరువు మోసే స్తోమత లేదు. 2011లో టామియా దాన్ని మళ్లీ విడుదల చేస్తే అభిమానులు ఎగబడి కొన్నారు. అందమైన కారు ఓడిపోయినా మనసులో ఉండిపోతుందని అప్పుడు తెలిసింది. అదే టామియా 2000ల చివర్లో పోటీల కోసం డీబీ01 అనే చాసిస్ చేసినప్పుడు బెల్టుకే వచ్చింది. షాఫ్టుకు ఇల్లు లాంటి కంపెనీ కూడా రేసు అనగానే బెల్టు పట్టుకుందంటే, ఆ రోజుల్లో తీర్పు ఎంత గట్టిగా ఉండేదో ఊహించుకోవచ్చు.

రాయి ఒక్కటి చాలు

బెల్టుకు శత్రువు నేలే. ఎంత మూత వేసినా ముందు చక్రాలు ఎగజిమ్మిన కంకర ఎక్కడో ఒక సందులో దూరుతుంది. గోధుమ గింజంత రాయి పుల్లీకీ బెల్టుకీ మధ్య పడితే బెల్టు ఒక పన్ను ఎగిరి పడుతుంది, లేదా అక్కడే పళ్లు ఊడతాయి. చక్కగా నడుస్తున్న కారు ఒక్కసారిగా టకటకమని చప్పుడు చేస్తూ ఆగిపోతుంది. సన్నని దుమ్ము ఇంకో రకం. అది బెల్టు పళ్లలో చేరి ఆకురాయిలా పనిచేస్తూ కొద్దికొద్దిగా కొరికేస్తుంది.

బిగువు కూడా నాజూకు వ్యవహారం. వదులుగా ఉంటే బెల్టు పళ్లు దాటుతుంది. బిగిస్తే బేరింగుల మీద భారం పడి, దేనికోసం బెల్టు పెట్టుకున్నామో ఆ తేలికదనమే పోతుంది. డిఫరెన్షియల్ బేరింగులను పక్కకు జరిపే గుండ్రటి పట్టీలను ఒక్కో గాటు తిప్పుతూ మెకానిక్కులు ఆ బిందువు వెతుకుతారు. బెల్టు కొత్తగా ఉన్నప్పుడు పెట్టిన బిగువు కొన్ని రేసుల తర్వాత పనికిరాదు. అన్నిటికీ మించి, బెల్టు మార్చాలంటే సగం కారు విప్పాలి. ఫైనల్‌కు పావుగంట ముందు ఆ పని చేసినవాళ్ల ముఖాలు చూస్తే షాఫ్టు విలువ తెలుస్తుంది.

గాలిలో మెలిక

షాఫ్టు మీద రేసర్లు చెప్పే పెద్ద ఫిర్యాదు ఒకటుంది. యాక్సిలరేటర్ నొక్కగానే కారు ఒక పక్కకు ఒరుగుతుందని. దీన్ని చాలామంది తప్పుగా వివరిస్తారు, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మోటారు, షాఫ్టు కారు పొడవు దిశలో తిరుగుతున్నప్పుడు, వాటి వేగం స్థిరంగా ఉంటే కారు ఒరగదు. మోటారు చాసిస్‌ను ఒక వైపు మెలితిప్పితే, రెండు చివర్ల గేర్‌బాక్సులు అదే చాసిస్‌ను ఎదురు వైపు మెలితిప్పుతాయి. రెండూ చెల్లుకు చెల్లు. చాసిస్ లోపల మెలిక పడుతుందే తప్ప కారు మొత్తంగా వాలదు. తేడా వచ్చేది వేగం ఒక్కసారిగా మారినప్పుడే. తిరిగే బరువును హఠాత్తుగా తొందరపెడితే, దానికి ఎదురుగా కారు శరీరం రెండో వైపుకు తిరగాలని చూస్తుంది. నేల మీద చక్రాలు గట్టిగా పట్టుకుని ఉంటే అది పెద్దగా తెలియదు. గాల్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. దిమ్మ మీంచి ఎగిరిన కారుకు మధ్యలో ఒక్కసారి యాక్సిలరేటర్ తగిలిస్తే, అది ఒక పక్కకు కొద్దిగా ఒరుగుతుంది. ఒరిగిన కారు రెండు చక్రాల మీద దిగుతుంది.

బెల్టు కారులో తిరిగేవన్నీ అడ్డంగా, చక్రాల ఇరుసుకు సమాంతరంగానే తిరుగుతాయి. అందువల్ల గాల్లో యాక్సిలరేటర్ నొక్కితే ముక్కు లేస్తుంది, బ్రేకు వేస్తే ముక్కు వాలుతుంది, అంతే. పక్క ఒరుగుడు లేదు. చేయి తిరిగిన డ్రైవర్ ఈ గుణంతో కారును గాల్లోనే సరిదిద్ది, వాలు మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఆనేలా దించుతాడు. బెల్టు కారును ప్రేమించేవాళ్లు దాన్ని వదలలేకపోవడానికి ఇది పెద్ద కారణం. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

షాఫ్టు వైపు ఇంజనీర్లు దీన్ని పూర్తిగా తీసేయలేదు, తగ్గించారు. నేటి షాఫ్టు కార్లలో మోటారు ఒక వైపుకు, దాని పినియన్‌తో నడిచే షాఫ్టు రెండో వైపుకు తిరుగుతాయి. ఒకదాని తోపుడు రెండోదాన్ని కొంత రద్దు చేస్తుంది. షాఫ్టును సన్నగా, తేలిగ్గా చేశారు. దాంతో ఆ ఒరుగుడు ఒకప్పటంత తెలియదు.

కరువు తీరాక

అసలు మార్పు చాసిస్‌లో రాలేదు, బ్యాటరీలో వచ్చింది. నికెల్-క్యాడ్మియం పోయి నికెల్-మెటల్ హైడ్రైడ్ వచ్చింది. 2000ల రెండో సగంలో లిథియం పాలిమర్ రేసుల్లోకి దిగింది. దాదాపు అదే సమయంలో కార్బన్ బ్రష్షుల మోటార్ల స్థానంలో బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి. నేడు దొరికే రెండు సెల్లుల లిథియం బ్యాటరీ 7.4 వోల్టులు, 6,000 మిల్లీ యాంపియర్ అవర్లు అనుకుంటే 44 వాట్ అవర్లు. పాతదానికి ఐదు రెట్లు. ఐదు నిమిషాల రేసు అయ్యాక కూడా బ్యాటరీలో సగానికి పైగా మిగిలే రోజులొచ్చాయి. నూటికి ఐదు వాట్లు గేర్లలో పోతే ఇక ఎవరికి బెంగ?

బెంగ వేరే చోటికి మారింది. ఇంత బలాన్ని మధ్యలో తెగకుండా, పళ్లు దాటకుండా చక్రాల దాకా ఎవరు చేరుస్తారు? నేల కూడా మారిపోయింది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు పచ్చిక మీద నడిచిన రేసులు కృత్రిమ గడ్డి మీదకు వచ్చాయి. యూరప్‌లో కార్పెట్ ట్రాక్‌లు వచ్చాయి. అమెరికాలో వదులు మట్టి పోయి, షెడ్డుల్లో తొక్కి గట్టిచేసిన బంకమట్టి వచ్చింది. పట్టు విపరీతంగా పెరిగింది. పట్టు లేని నేల మీద చక్రం జారిపోయి గేర్లను కాపాడుతుంది. పట్టున్న నేల మీద చక్రం జారదు, మొత్తం దెబ్బ లోపలి భాగాలే తినాలి. అదనపు కుదుపును జారనిచ్చే స్లిప్పర్ క్లచ్ ఉన్నా, బెల్టు మీద భారం పెరుగుతూనే పోయింది.

2009-10 ప్రాంతంలో వచ్చిన డురాంగో డెక్స్410 షాఫ్టుతోనే అగ్రస్థాయి పోటీల్లో నిలబడి అందరి కళ్లూ తిప్పింది. స్లొవేకియాలోని ఎక్స్‌రే కంపెనీ ఎక్స్‌బీ4 తెచ్చింది, అదీ షాఫ్టే. అయినా బెల్టు అంత తేలిగ్గా తలవంచలేదు. 2011లో ఫిన్లండ్‌లోని వాసాలో జరిగిన ప్రపంచ పోటీల్లో అమెరికా కుర్రాడు రయాన్ కావలియెరి టూ వీల్, ఫోర్ వీల్ రెండు టైటిళ్లూ పట్టుకుపోయాడు. ఫోర్ వీల్‌లో ఆయన నడిపిన అసోసియేటెడ్ బీ44 బెల్టు కారు. 2015లో యతాబేలో పోర్చుగల్‌కు చెందిన బ్రూనో కొయెల్యో ఎక్స్‌బీ4తో ఫోర్ వీల్ టైటిల్ గెలిచాడు. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ రెండు గెలుపుల మధ్యనే గాలి మళ్లింది. తర్వాత అసోసియేటెడ్ తన కొత్త బీ64ను షాఫ్టుతో చేసింది. హిరోసాకాను బెల్టు మీద ఛాంపియన్‌ను చేసిన యోకోమో కూడా వైజెడ్-4 నుంచి వైజెడ్-4ఎస్‌ఎఫ్‌కు వచ్చేసరికి షాఫ్టుకు మారింది. షూమాకర్ మాత్రం చాలాకాలం బెల్టును అంటిపెట్టుకుంది. తాను వేసిన దారి కదా.

షాఫ్టుకు కలిసొచ్చిన మరో సంగతి చోటు. సన్నని కడ్డీ నేలకు దగ్గరగా నడుము గీత మీద పోతుంది. దానికి ఒక పక్క మోటారు, ఎలక్ట్రానిక్స్. మరో పక్క పొట్టి లిథియం బ్యాటరీ. రెండు తట్టల బరువూ సమానంగా కుదురుతుంది. బెల్టు కాలంలో బ్యాటరీని రెండు ముక్కలు చేసి చెరోపక్కా జీను సంచుల్లా పెట్టాల్సి వచ్చేది.

పక్క రేసులు చెప్పే సాక్ష్యం

బ్యాటరీ ఒక్కటే కారణమైతే, చదునైన తారు రోడ్డు మీద, కార్పెట్ మీద పరుగెత్తే టూరింగ్ కార్లు కూడా ఈపాటికి షాఫ్టుకు మారిపోవాలి. మారలేదు. పదో వంతు టూరింగ్ కార్లలో అగ్రస్థాయి ఈ రోజుకీ బెల్టుదే. టామియా టీబీ వరుసలో షాఫ్టు టూరింగ్ కార్లు చేసినా ఆ రాజ్యం కదల్లేదు. అక్కడ రాళ్లు లేవు, దుమ్ము తక్కువ, గాల్లో ఎగరడం లేదు. బెల్టు మెత్తదనం అంతా లాభమే.

రెండో కొసన ఎనిమిదో వంతు బగ్గీలున్నాయి. చిన్న పెట్రోల్ ఇంజన్ లాంటి 3.5 సీసీ నైట్రో ఇంజన్లు, మూడు కిలోల పైన బరువు, ప్రపంచ ఫైనల్ అయితే గంటసేపు నడుస్తుంది. అక్కడ ముందు, మధ్య, వెనక మూడు డిఫరెన్షియళ్లు పెట్టి షాఫ్టులతో కలుపుతారు. గంటసేపు మట్టిలో కొట్టుకునే కారుకు బెల్టు అడగడం అన్యాయం.

ఈ రెండు సాక్ష్యాలూ పక్కపక్కన పెడితే నా అభిప్రాయం స్పష్టం. బెల్టు మెరుగైన యంత్రాంగం. తక్కువ బలంతో ఎక్కువ పని చేయించింది, కారును గాల్లో నిటారుగా ఉంచింది, కుదుపులు మింగింది. షాఫ్టు గెలిచింది మెరుగైనందుకు కాదు. బలం చవకై, నేల కఠినమై, పాడవకుండా నిలబడటమే అన్నిటికంటే ముఖ్యమైన రోజు వచ్చినందుకు. రేపు నిబంధనలు మారి చిన్న బ్యాటరీలే వాడాలంటే, బెల్టు మర్నాడే తిరిగొస్తుందని నేను నమ్ముతున్నాను. షూమాకర్ కంపెనీ కొన్నేళ్ల కిందట పాత క్యాట్‌ను మళ్లీ తయారుచేసి అమ్మింది. జ్ఞాపకం కోసం కొన్నవాళ్లే ఎక్కువ కావచ్చు. కానీ దాన్ని చేత్తో నెట్టి చూస్తే, ఆ తేలికదనం ఈనాటి కార్లలో ఎందుకు లేదనిపిస్తుంది.

మన నేల మీద

ఇక్కడ మైదానాలు తెలిసినవే. ఎర్రమట్టి, కంకర, పొడి దుమ్ము, వాన పడితే జిగట. కొత్తగా ఆఫ్‌రోడ్ కారు కొనే మన కుర్రాళ్లకు నా సలహా: మూసేసిన గేర్‌బాక్సులున్న షాఫ్టు కారే తీసుకోండి. కొన్నాక పెట్టెలో వచ్చినట్టే నడపకుండా, ఒకసారి గేర్‌బాక్సు విప్పి చూడండి. క్రౌన్ గేరు, పినియన్ మధ్య సందు తగినంత ఉందా, గ్రీజు ఉందా చూసుకోండి. చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరలాడకూడదు. మట్టి బేరింగులను ముందు తినేస్తుంది కాబట్టి వాటిని తరచూ తుడిచి, అరిగితే మార్చండి. చేతికి బెల్టు కారు వస్తే గట్టి నేల, కార్పెట్, లోపలి ట్రాక్‌లకు దాచుకోండి. నడిపిన ప్రతిసారీ కింది మూత తీసి పుల్లీల సందుల్లో రాళ్లు వెతకండి.

చివరిగా ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకు ఒక విన్నపం. ఒక బెల్టు చాసిస్, ఒక షాఫ్టు చాసిస్ కొనండి. రెండింటికీ ఒకే మోటారు, ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు బిగించండి. మధ్యలో ఒక వాట్‌మీటర్ పెట్టి, చక్రాలు గాల్లో ఉంచి ఒకసారి, మైదానంలో ఒకసారి, దుమ్ములో పది రౌండ్లు కొట్టాక మరోసారి పిల్లల చేత కొలిపించండి. ట్రాన్స్‌మిషన్ అధ్యాయం మొదలుపెట్టే ముందే ఆ ప్రయోగం చేయించండి.